నా పేరెవరూ అడగలేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లలో ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషిని పేరడగకుండా కత్తి ముట్టుకునే డాక్టరు ఈనాడు ఒక్కడూ లేడు. ఆ అలవాటు తెచ్చినవాణ్ని నేనే. ఒకే ఒక్క మాటతో తెచ్చాను. ఒక సాయంత్రం డాక్టర్లందరూ కూడిన చోట నేనొక మాట అన్నాను. చప్పట్లు కొట్టడం కూడా మరచి అందరూ తలలు దించుకున్నారు. మర్నాటి నుంచి మూడు ఊళ్లూ మారిపోయాయి.

ఈ సంగతి నేను పెళ్లి భోజనాల దగ్గర, బస్సులో పక్క సీటువాళ్లకు, చివరికి మంగలి షాపులో కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ సభలో డాక్టర్లు పెరుగుతూ వచ్చారు. ఈమధ్య నాకు జరిగిన ఆపరేషన్ గురించి రాద్దామని కూర్చుంటే, చెయ్యి అలవాటు కొద్దీ మొదట ఇదే రాసేసింది. కొట్టెయ్యను, ఉండనీ. దాని లెక్క తర్వాత తేలుస్తాను. ముందు భయం సంగతి చెప్పాలి. ఎందుకంటే ఇది అచ్చంగా భయం గురించిన రాత.

నేను మత్తు డాక్టర్ని. నాకంటూ సొంత ఆసుపత్రి ఏనాడూ లేదు. ఒక కారు, అందులో ఒక సంచి, సంచిలో సూదులూ మందులూ గొట్టాలూ. పొద్దున సూర్యాపేటలో కాన్పు, మధ్యాహ్నం కోదాడలో విరిగిన కాలు, సాయంత్రానికి హుజూర్‌నగర్ మీదుగా సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ మిర్యాలగూడ. కారు దిగేసరికి పేషెంటును బల్ల మీద కూర్చోబెట్టి, వీపు వంచి సిద్ధంగా ఉంచేవాళ్లు. చేతులు కడుక్కుని నడుములో సూది వేసేవాణ్ని. ఈ జిల్లాలో సగం మందిని నేను వీపు వైపు నుంచి ఎరుగుదును. ముఖాలడిగితే చెప్పలేను.

మా దగ్గర పేషెంటుకు పేరుండదు, ఊరుంటుంది. 'త్రిపురారం కాన్పు ఏమైంది?' 'వాడపల్లి చెయ్యికి కట్టు మార్చిన్రా?' 'హాలియా కడుపుకు గ్లూకోజ్ ఎక్కించు.' ఇందులో చిన్నచూపేమీ లేదు. మా సర్జన్‌కు ప్రతి ఊరి కాలువా, చెరువూ, అక్కడి వరి దిగుబడీ తెలుసు. ఊరి పేరు చెబితే మనిషి మొత్తం కళ్ల ముందు నిలబడినట్టే ఆయనకు. మనిషి పేరు వట్టి కాగితం మీది మాట.

ఆ సర్జన్ మిర్యాలగూడలో ఉంటాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. కాలువ కింద పొలాలున్న కుటుంబం నుంచి వచ్చాడు. కుట్లు వేస్తూ ఉండగా సిస్టర్ ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడేది. 'ఆ మడికి నీళ్లు మళ్లింది లేంది చూసినవా? మోటర్ కాలితే నీ జీతం కోస్త' అని అటువైపు పాలేరును తిడుతూనే, ఇటు దారం ముడి తప్పకుండా వేసేవాడు. చేతి మీద అంత నమ్మకం.

ఒకప్పుడు ఎక్కడి నుంచో ఒక పెద్ద బోర్డు వచ్చింది. కోసే ముందు పేరు అడగాలి, ఏ ఆపరేషనో ఏ వైపో అడగాలి, ఏ మందు పడదో అడగాలి అని దాని మీద అచ్చు వేసి ఉంది. దాన్ని థియేటర్ బయట గోడకు మేకు కొట్టి తగిలించారు. సిస్టర్ ఒకసారి దాన్ని చూసి పేషెంటును పేరడగబోతే సర్జన్ కసిరాడు.

'నా పేషెంటు నాకు ఎర్కలేదా? గోడ చెప్తే గుర్తుపట్టాల్నా నేను?'

ఆ తర్వాత ఆ బోర్డు మేకు మాకు బట్టలు తగిలించుకోవడానికి పనికొచ్చింది. ఆయన చొక్కా ఒకవైపు, నా చొక్కా ఒకవైపు. రెండు చొక్కాల మధ్య నుంచి 'పడదో' అన్న మాట ఒక్కటి మాత్రం కనిపిస్తుండేది.

ఒకనాడు హాలియా నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె నడివయసు దాటింది, గర్భసంచి తీయాలి. ఇంకొకామె చిన్నది, చంకలో బిడ్డ ఉన్న తల్లి, అపెండిక్స్ తీయాలి. నేను కోదాడ నుంచి ఆలస్యంగా వచ్చాను. సర్జన్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి 'ఏడిదాక వచ్చినవ్ అన్నా' అని అడిగి ఉన్నాడు. సిస్టర్ వార్డు గుమ్మంలో నిలబడి 'హాలియా ఆమె, దా అమ్మా' అంది. గుమ్మానికి దగ్గరగా ఉన్నామె లేచి వచ్చింది. ఆమెదీ హాలియానే కదా.

నాకు వీపు కనబడింది. సూది వేశాను. కాళ్లు బరువెక్కాయా అని అడిగాను, ఎక్కాయంది. పడుకోబెట్టాం. పచ్చబట్టలు కప్పారు. ఛాతీ దగ్గర అడ్డంగా తెర కట్టారు. తెరకు అటువైపు పొట్ట, ఇటువైపు తల. తల వైపు నేను.

సర్జన్ కడిగిన చేతులు పైకెత్తుకుని వచ్చి గ్లవ్స్ తొడుక్కున్నాడు.

'గర్భసంచి సామాను పెట్టినవా సిస్టర్?'

'పెట్టిన సార్.'

కత్తి చేతికి అందింది. అప్పుడు తెరకు ఇటువైపు నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

'సారూ.'

'ఏందమ్మా, నొప్పి తెలుస్తుందా?' అన్నాను నేను.

'నొప్పి గాదు సారూ. గర్భసంచి అంటున్రు. నాదేనా?'

సిస్టర్ పళ్లెంలో పెట్టిన గర్భసంచి సామాను వైపు చూసింది.

'నాకు ఇంకో పిల్ల కావాలె సారూ,' అంది ఆమె. తప్పు చేసినదానిలా మెల్లగా అంది.

కత్తి పళ్లెంలో పెట్టిన చప్పుడు విన్నాను. సర్జన్ తెర దాటి ఇటువైపు వచ్చాడు. ఆపరేషన్ మధ్యలో ఆయన తెర దాటి రావడం నేనెప్పుడూ చూడలేదు. వంగి ఆమె ముఖంలోకి చూశాడు.

'నీ పేరేంది బిడ్డా?'

ఆమె చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఈ రాతలో ఎవరి పేరూ రాయను. కానీ వేలమందికి మత్తిచ్చిన నాకు ఈనాటికీ గుర్తున్న ఒకే ఒక్క పేషెంటు పేరు అది.

సర్జన్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. గ్లవ్స్ తొడిగిన చేతులు దేనికీ తగలకుండా ఛాతీ ముందు పెట్టుకోవాలి కదా, అలాగే పెట్టుకున్నాడు. నాకు వెన్నులో ఒక చల్లటి తీగ పైనుంచి కిందికి లాగినట్టయింది. ఆమె తలకూ నా చేతికీ జానెడు దూరం లేదు. సూది వేసిన దగ్గర్నుంచి ఆమె పక్కనే ఉన్నాను. ముఖం చూసింది మాత్రం ఆమె 'సారూ' అన్నాకనే.

కాసేపటికి సర్జన్ లేచి, జరిగింది జరిగినట్టు ఆమెకు చెప్పి, ఆమె సరేనన్నాక అపెండిక్స్ తీశాడు. సిస్టర్‌ను ఒక్క మాట అనలేదు. బయటికి వెళ్లి ఆమె భర్తను పక్కకు పిలిచి అతనికీ చెప్పాడు.

'ఏం కాలే గద సార్?' అన్నాడతను.

'కాలే. అయ్యేది,' అన్నాడు సర్జన్.

ఆ తర్వాత మేకు నుంచి చొక్కా తీసుకుని వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని, బోర్డు ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లవాడిలా పెదవులు కదుపుతూ చదివాడు. మర్నాడు పొద్దున థియేటర్‌లో ఒకటే మాట చెప్పాడు: 'అడిగేది సిస్టర్ గాదు, మత్తు డాక్టర్ గాదు. నేను. నా నోటితోని నేనే అడుగుత. బల్ల మీది మనిషి తన నోటితోని జవాబు చెప్పేదాక కత్తి నా చేతికియ్యకుండ్రి.' బోర్డు మీది భాష ఆయనకు నోరు తిరగలేదు. తన భాషలో నాలుగు ప్రశ్నలు చేసుకున్నాడు. నీ పేరేంది? ఏ ఊరు? ఏం ఆపరేషనుకు వచ్చినవ్, ఏ దిక్కు? ఏ మందన్న నీకు పడదా?

ఇప్పుడు నా గొప్పల లెక్క తేల్చాలి.

ఆ సభ నిజమే. సూర్యాపేటలో ఒక హోటల్లో డాక్టర్ల విందు. లేచి నిలబడింది మాత్రం నేను కాదు, ఆయన. నేను బిర్యానీ ప్లేటుతో వెనక వరసలో ఉన్నాను. ఆయన చేతిలో మైకు కూడా లేదు. 'ఆమె ఇంకొద్దిసేపు నోరు మూసుకొని ఉంటే నేను కోసేటోణ్ని. ఇంకో పిల్ల కావాలన్న మనిషికి గర్భసంచి తీసేటోణ్ని,' అన్నాడు. 'మీల ఎవరికన్న గిట్లయిందా?'

చెంచాల చప్పుడు ఆగింది. అందరికంటే చెయ్యి తిరిగినవాడని పేరున్న మనిషి అలా అడిగేసరికి ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. చాలాసేపటికి కోదాడ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ప్లేటు పక్కన పెట్టింది.

'నేను కోశానండి,' అంది. 'ఎడమ వైపు చెయ్యాల్సింది కుడి వైపు. చర్మం కోశాక తెలిసింది. కుట్టేసి ఇటు చేశాను. వాళ్లకు ఏదో సర్ది చెప్పాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదండి. ఇప్పటికీ చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొస్తుంది.'

ఆమె తర్వాత ఇంకొకరు. ఆయన తర్వాత మరొకరు. అందరం రోజూ కలిసి పనిచేసేవాళ్లమే, పక్కపక్కన నిలబడి ఇన్ని భయాలు మోస్తున్నామని ఎవరికీ తెలియదు. ఆ బోర్డు చెప్పలేనిది ఆ సాయంత్రం ఆ గదిలో జరిగింది. తర్వాత ఎవరికి వాళ్లు ఆ నాలుగు ప్రశ్నలనూ తమ ఊరి మాటలోకి మార్చుకున్నారు. కోదాడలో అది 'మీ పేరేంటమ్మా, ఏ వైపండీ నొప్పి' అయింది. ఇంకొకాయన ఊరి బదులు ఇంటిపేరు అడగడం మొదలుపెట్టాడు. ఎవరి ప్రశ్న వాళ్లది కాబట్టి ఎవరూ దాన్ని వదల్లేదు.

నేనూ ఆ సభలో ఒక్క మాట అన్నాను. అది నిజమే. 'ఇట్ల ఒక్కొక్కణ్ని ఊరూ పేరూ అడుక్కుంట కూసుంటే నేను కోదాడకు ఎప్పుడు చేరాలె?' అన్నాను. అందరూ తలలు దించుకున్నది అప్పుడే. నా తరఫున వాళ్లు సిగ్గుపడ్డారు.

సరే. ఇక నా ఆపరేషన్.

పని మానేసి సూర్యాపేటలో ఇంటిపట్టున ఉంటున్న నాకు గజ్జల్లో కుడివైపు ఉబ్బు వచ్చింది. హెర్నియా. చిన్న ఆపరేషనే. కానీ నాకొక సంగతి ఉంది. ఆపరేషన్ ముందు చీము పట్టకుండా అందరికీ ఇచ్చే యాంటీబయాటిక్ సూది నాకు పడదు. పడదంటే ఒళ్లు దురద పెట్టడం కాదు, ప్రాణం పోతుంది. కొన్నేళ్ల కింద జ్వరం వస్తే ఎవరికీ చూపించుకోకుండా నాకు నేనే ఆ సూది వేసుకున్నాను. సీసా పక్కన పెట్టేలోపే నాలుక మందమైంది. పెదవులు ఉబ్బాయి. గొంతులో ఎవరో పిడికిలి దూర్చినట్టు, గాలి లోపలికీ పోదు, బయటికీ రాదు. మా ఇంటామె పక్కింటివాళ్ల కారులో వేసి తీసుకుపోయింది కాబట్టి బతికాను. ఎంతోమందికి శ్వాస పెట్టిన మనిషిని, ఆ కారులో వెనక సీట్లో శ్వాస కోసం కిటికీ అద్దం గోకాను. ఆ గోకుడు ఇప్పటికీ వేళ్లలో ఉంది.

డాక్టరై ఉండి తనకు తాను సూది పొడుచుకుని చావబోయాడంటే నవ్వరా? అందుకని రొయ్యలు పడలేదని ఊరంతా చెప్పాను. కథ బాగా నడిచింది. అప్పట్నుంచి ఎవరింటికి భోజనానికి వెళ్లినా 'సార్‌కు రొయ్యలు పడయి' అని ముందే పక్కకు పెడతారు. నాకు రొయ్యలంటే ప్రాణం. అది వేరే బాధ.

మిర్యాలగూడలో ఆ సర్జన్ దగ్గరే చేరాను. ముందు రోజు మత్తు డాక్టర్ వచ్చాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మంచం పక్కన కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

'సార్, మిమ్మల్ని నేను అడుగుడేంది. అన్నీ మీకే ఎర్క. రొయ్యలొక్కటే గద పడనియి?' అని నవ్వాడు. 'పరేషాన్ గాకుండ్రి సార్, ఆపరేషన్ల రొయ్యలు పెట్టం.'

సిస్టర్ నవ్వింది. నేనూ నవ్వాను.

అతను వెళ్లాక మా ఇంటామె అడిగింది. 'ఆ సూది సంగతి చెప్పిన్రా?'

'చెప్పిన.'

'ఏమన్నడు?'

'రాసుకున్నడు.'

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, వాళ్లకు పరీక్ష పెట్టదలుచుకున్నాను. ఆ నాలుగు ప్రశ్నలు ఈ గదిలో ఇంకా బతికే ఉన్నాయా, లేక బోర్డులా మేకుకు వేలాడుతున్నాయా? బల్ల మీద పడుకున్నాక సర్జన్ అడుగుతాడు, నాలుగో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, గది మొత్తం ఉలిక్కిపడుతుంది. తర్వాత బోలెడు రోజులు చెప్పుకోవచ్చు. ఇదీ నా ఉపాయం.

పొద్దున బల్ల మీదికి ఎక్కించారు. నడుములో సూది దిగింది. ఇన్నేళ్లూ ఇతరుల వీపుల్లో దించినది నా వీపులో దిగింది. కాళ్లు మొదట వేడెక్కి, తర్వాత బరువెక్కి, ఆ తర్వాత నావి కాకుండా పోయాయి. వెల్లకిలా పడుకోబెట్టారు. ఈ గదిలో ఎన్నో ఏళ్లు నిలబడ్డాను గానీ దీని పైకప్పు ఎప్పుడూ చూడలేదు. పెద్ద లైటు పక్కన చెమ్మ దిగి గోధుమరంగు మరక ఉంది. పడుకున్నవాళ్లందరూ దీన్ని చూసే ఉంటారు. హాలియా ఆమె కూడా.

పచ్చ తెర కట్టారు. తెరకు అటువైపు ఏం జరుగుతుందో కనబడదు. చప్పుళ్లు మాత్రం వినబడతాయి. బల్ల మీది మనిషికి వినబడుతుందని అంతవరకు నాకు తెలియనిది ఎంత ఉందో! ఇనుము ఇనుముకు తగలడం. గ్లవ్ చేతిని పట్టుకున్నప్పుడు టప్పుమనడం. నా గుండె చప్పుడును యంత్రం కూత పెట్టి చెప్పడం. దాని వేగం పెరుగుతున్నది నాకే ముందు తెలిసింది.

సర్జన్ వచ్చాడు. వరినాట్లకు కూలోళ్లు దొరకడం లేదని ఎవరితోనో అంటూ వచ్చాడు. నేను ఎదురుచూశాను. ఆయన నా వైపు తొంగి చూసి నవ్వాడు.

'ఏందన్నా, మంచిగున్నవా? నీ పేరు నేనడిగితే బాగుంటదా చెప్పు!' అని తెర వెనక్కి వెళ్లిపోయాడు.

మా దగ్గర పెద్దమనిషిని ఎదురుగా నిలబడి పేరడగడం మర్యాద కాదు. ఆ మర్యాదే నా మీదికి వచ్చి కూర్చుంది. ముందుగా చర్మం కింద చుక్క మందు వేసి పడుతుందో లేదో చూసే అలవాటు ఉంది. సార్‌ను మళ్లీ మళ్లీ పొడవడం దేనికని అది కూడా పొద్దున వదిలేశారు. ఈ గదిలో హాలియా పేషెంటును అడుగుతారు, త్రిపురారం కూలి మనిషిని అడుగుతారు. నన్నొక్కణ్నే అడగరు. మనిషిని చంపడానికి నిర్లక్ష్యం అక్కర్లేదు, గౌరవం చాలు.

అప్పుడు నా కుడి చెవి పక్కన ఆ చప్పుడు వినబడింది. చిన్న సీసాలో తెల్లపొడి, దాంట్లో నీళ్లు పోసి ఊపే చప్పుడు. నాకు దాన్ని కళ్లతో చూడాల్సిన అవసరం లేదు. సిస్టర్ సీసాను వెలుతురుకు ఎత్తి, మందు సిరంజిలోకి లాగి, నా చేతికున్న గొట్టం వైపు తిరిగింది.

నోరు తెరవాలి. అంతే పని. నాలుక అంగిలికి అంటుకుపోయింది. పొడి నోటిలో నాలుక ఎంత పెద్దదో! మందు ఇంకా లోపలికి పోకుండానే వేళ్లు బల్ల అంచును గోకాయి. ఆ కారు వెనక సీటు, ఆ కిటికీ అద్దం. ఇంత భయంలోనూ ఇంకో భయం అడ్డం పడుకుంది. ఇప్పుడు చెబితే రొయ్యల కథ అబద్ధమని తేలుతుంది. నిన్న నవ్వినప్పుడే చెప్పాల్సింది కదా అంటారు. మా ఇంటామె బయట బెంచీ మీద కూర్చుని ఉంది, చెప్పిన అన్నారు గదా అంటుంది. ప్రాణం ఒకవైపు, రొయ్యలు ఒకవైపు. తక్కెడ కాసేపు రొయ్యల వైపే మొగ్గింది, నమ్మండి.

అప్పుడు గర్జించాను. 'ఆపండ్రి!' అన్నాను. సిస్టర్ చేతిలో సిరంజి ఆగింది. యంత్రం కూడా ఆగినట్టే అనిపించింది. 'ముందు నా పేరడగండ్రి!' అన్నాను. సర్జన్ తెర దాటి వచ్చి, రెండు చేతులూ జోడించినంత పని చేశాడు.

లేదు. గర్జన కాదు. దగ్గాను. దగ్గు లాంటిదేదో వచ్చింది. సర్జన్ తెర దాటి ఇటువైపు రావడం మాత్రం నిజం. ఆయన తెర దాటి రావడం అది నేను చూసిన రెండోసారి. వంగి నా ముఖంలోకి చూశాడు. ఏ నవ్వూ లేదు. ఎవరో ఎరగని మనిషిని అడిగినట్టు అడిగాడు.

'నీ పేరేందన్నా?'

చెప్పాను. నా పేరు నాకే కొత్తగా వినబడింది.

'ఏ ఊరు?'

'సూర్యాపేట.'

'ఏం ఆపరేషన్? ఏ దిక్కు?'

'హెర్నియా. కుడి దిక్కు.'

'ఏ మందన్న నీకు పడదా?'

సిరంజి వైపు కళ్లు తిప్పాను. 'అది,' అన్నాను. 'అదే పడదు. రొయ్యలు గావు. నాకు రొయ్యలు పడ్తయి.'

సిస్టర్ సిరంజిని పళ్లెంలో పెట్టింది. నేను పని నేర్పిన మత్తు డాక్టర్ గోడకు ఆనుకున్నాడు. వేరే మందు తెప్పించారు, ఆపరేషన్ అయింది. ఇదిగో, రాసేంత బాగున్నాను.

ఇంకా ఒకటి ఉంది. పరీక్ష పెట్టదలుచుకున్నానని రాశాను. పరీక్షేమీ లేదు. ఆ కుర్ర డాక్టర్ రొయ్యల మాట అన్నప్పుడు అందరితో పాటు నవ్వాను. నవ్విన తర్వాత నిజం చెప్పడానికి దారి దొరకలేదు, అంతే. పరీక్ష అన్నది బల్ల దిగి వార్డుకు వచ్చాక, మా ఇంటామె ముఖం చూసినప్పుడు పుట్టింది. ఆమె నమ్మలేదు. నా మంచం మీదే కూర్చుని చాలాసేపు నా వైపు తిరగలేదు. తర్వాత 'నన్ను ఆ కారుల మళ్ల ఎక్కించేటోళ్లు గద మీరు,' అంది.

కుట్లు ఎలా మానాయో చూడటానికి సర్జన్ మొన్న సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాడు. చూశాక, టీ తాగుతూ, ఏం రాస్తున్నవన్నా అని అడిగాడు. ఇక్కడిదాకా అంతా చదివి వినిపించాను. గౌరవం గురించి రాసిన వాక్యం దగ్గర కాస్త గొంతు పెంచాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. మా ఇంటామె గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. చదవడం అయ్యాక ఆయన కప్పు కింద పెట్టాడు.

'అన్నా, నీ పేరు నేనడిగితే బాగుంటదా అని నేనన్ననా? అనలే. మంచిగున్నవా అన్న, పోయిన. గౌరవం లేదు, గిరవం లేదు. నాట్లకు మనుషులు దొరుకుతలేరని పొద్దుగాల్నుంచి దిమాక్ ఖరాబైంది. నేను మరిచిన. అంత పెద్ద కథ చెప్పి అందరికి నేర్పినోణ్ని, నేనే మరిచిన. నువ్వు దగ్గలే సుత. నీ కండ్లెంబడి నీళ్లు కారుతున్నయని సిస్టర్ నాకు చూపిచ్చింది. అప్పుడు యాదికొచ్చింది నాకు. నువ్వు ఏడ్చినవ్, నేను మరిచిన. గంతే. గట్లనే రాయి.'